హిలోట్ పద్ధతిలో వీపు మర్దన ఇంట్లో ఎలా చేయాలి?

వీపు పట్టేసిందనగానే నొప్పి ఉన్నచోట బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కేస్తాం. ఫిలిప్పీన్స్‌లో తరతరాలుగా వస్తున్న హిలోట్ మర్దనలో నొక్కడం చివరి పని. ముందు వీపంతా వెతుకుతారు. ఇంట్లో చేసుకునేవాళ్ళు ఈ పద్ధతి నుంచి నేర్చుకోవలసింది అదేనని నా నమ్మకం.

హిలోట్ చేసేవారిని అక్కడ మాంగ్‌హిహిలోట్ అంటారు. బెణుకైనా, నడుం పట్టేసినా పల్లెల్లో ఇప్పటికీ వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాళ్ళున్నారు. 1997లో అక్కడి ప్రభుత్వం సంప్రదాయ వైద్యం కోసం రిపబ్లిక్ యాక్ట్ 8423 అనే చట్టం కూడా తెచ్చింది.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. జ్వరం, చర్మం మీద పుండ్లు, ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే మర్దన వద్దు. ఒక పిక్క మాత్రమే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, దాన్ని అసలు ముట్టుకోవద్దు. నడుంనొప్పితో పాటు కాళ్ళు తిమ్మిరెక్కుతున్నా, మూత్రం మీద పట్టు తప్పినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భిణులు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడిగాకే చేయించుకోవాలి.

కావలసినవి కొబ్బరి నూనె, అరటి ఆకు. కోనసీమ వాళ్ళకైతే రెండూ పెరట్లోనే ఉంటాయి.

1. ఆకు సిద్ధం చేయడం. ఈనె తీసేసి, అరచేతి కంటే కాస్త వెడల్పుగా ముక్క కోయండి. కడిగి, తుడిచి, సన్నటి మంట మీద అటూ ఇటూ ఆడించండి. ఒక్కసారిగా రంగు ముదిరి, నిగనిగలాడుతూ మెత్తబడుతుంది. అప్పుడు తీసి, ఒకవైపు కొబ్బరి నూనె పలచగా రాయండి. వేడి ఎంతుందో మీ మణికట్టు మీద చూసుకున్నాకే ఎదుటివారికి ఆనించండి.

2. వెతకడం. బోర్లా పడుకున్నవారి మెడ దగ్గర ఆకును ఆనించి, నూనె వైపు చర్మానికి తగిలేలా నెమ్మదిగా నడుం దాకా లాగండి. కొన్నిచోట్ల జారిపోతుంది, కొన్నిచోట్ల అతుక్కుంటుంది. అతుక్కున్నచోట లామిగ్, అంటే చలువ, చేరిందని అక్కడి నమ్మకం. చర్మం తడిగా ఉన్నా, నూనె తక్కువైనా ఆకు అతుక్కుంటుంది కాబట్టి దీన్ని రోగపరీక్షగా తీసుకోకూడదు. అయినా ఈ మెట్టు వదిలేయవద్దంటాను. ఆకు పట్టుకున్న చెయ్యి తొందరపడదు, నొప్పి చెప్పినచోటే కాక వీపంతా చూస్తుంది. తర్వాత అవే చోట్లను వేళ్ళ కొసలతో తడమండి. బిగిసిన కండరం శనగగింజలా చేతికి తగులుతుంది. "ఇక్కడేనా?" అని అడిగి నిర్ధారించుకోండి.

3. వేడెక్కించడం. నూనె చేతులతో నడుం నుంచి భుజాల దాకా నిడివిగా, నిదానంగా రాయండి. వెన్నెముక మీద కాదు, దానికి రెండు పక్కలా.

4. ఇప్పుడు నొక్కడం. గట్టిపడినచోట బొటనవేలు ఆనించి, వాళ్ళు ఊపిరి వదులుతుండగా మీ బరువును కొద్దికొద్దిగా మోపండి. కొన్ని క్షణాలు ఆగి, అంతే నెమ్మదిగా వదలండి. నొప్పికి ఊపిరి బిగబట్టారంటే మీరు ఎక్కువ నొక్కుతున్నట్టే. వెన్ను విరవడం, మెడ మెలితిప్పడం మాత్రం ఇంట్లో ఎవరూ చేయకూడదు.

5. కాపడం. ఆకును మళ్ళీ గోరువెచ్చగా చేసి ఆ చోట కప్పి, కాసేపు పడుకోనివ్వండి. మర్దన కాగానే స్నానం చేస్తే పాస్మా, అంటే వేడెక్కిన ఒంటికి చల్లదనం తగిలి వచ్చే వణుకు, తిమ్మిరి, వస్తుందని ఫిలిప్పీనోలు అంటారు. వైద్యపరంగా దానికి ఆధారం లేదు గానీ, వెంటనే లేచి పనిలో పడకుండా ఉండటం మంచిదే.

ఇక ఫలితం సంగతి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన సూచనల్లో, కొత్తగా వచ్చిన నడుంనొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగిన వాటిలో వేడి కాపడం, మర్దన రెండూ ఉన్నాయి. ఒళ్ళు తేలికపడుతుంది, ఆందోళన తగ్గుతుంది. ఆ ఉపశమనం చాలావరకు తాత్కాలికం. మర్దనతో ఒంట్లో విషాలు పోతాయన్న ప్రచారాన్ని నమ్మకండి.

ఫిలిప్పీన్స్‌లోని దవావో వంటి ఊళ్ళలో వైద్యవిద్య చదివే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. అక్కడ హిలోట్ చేయించుకోవాలనుకుంటే, చేసేవారికి టెస్డా అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ ఇచ్చే హిలోట్ ఎన్‌సీ 2 సర్టిఫికెట్ ఉందేమో అడగండి. మీకున్న జబ్బులు, వాడే మందులు పడుకోకముందే చెప్పండి.