యాట ఖీమా ఉండలు విడిపోకుండా, గట్టిపడకుండా చేయడం ఎలా? పాలమూరు పులుసు, హైదరాబాద్ శికంపూర్, ఇంకొన్ని తీర్లు

ఖీమా ఉండల కూర అంటే చాలామందికి ముందు టెన్షన్ మొదలవుతుంది. పులుసులో వేయగానే విడిపోతాయేమో, పోనీ విడిపోకుండా నిలిస్తే పంటికి లొంగనంత గట్టిగా అవుతాయేమో అని. ఆ భయంతోనే గుడ్లు కొట్టి పోస్తారు, మైదా, కార్న్‌ఫ్లోర్ కలుపుతారు. అవి కలిపితే ఉండ నిలుస్తుంది, నిజమే. కానీ మాంసం రుచి పోయి పిండి రుచి వస్తుంది. ఉండను పట్టి ఉంచేవి మూడు: తడి లేని ఖీమా, తగినంత కొవ్వు, ఉప్పు వేసి బాగా పిసకడం. ఈ మూడూ కుదిరితే గుడ్డు అవసరమే ఉండదు. పచ్చి ఖీమాతో ఏ ప్రాంతం తీరులో వండినా ఇదే మూలం. ఆ తర్వాత ఏం కలుపుతాం, ఎందులో ఉడికిస్తాం అన్నదే తేడా.

మటన్ షాపు దగ్గర

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు మంచి మాంసానికి కొదవ లేదు. గొల్లకురుమల మందలు ఊరూరా ఉన్నాయి. మేక మాంసంలో కొవ్వు తక్కువ, పొట్టేలు మాంసంలో ఎక్కువ. ఉండలకు పొట్టేలు మాంసమే మేలు. మేక మాంసమే దొరికితే విడిగా కొంచెం కొవ్వు కలిపించుకోండి. మనలో చాలామందికి "కొవ్వంతా తీసేయ్ అన్నా" అని చెప్పే అలవాటు ఉంది. ఈ ఒక్క కూరకు అలా చెప్పొద్దు. అర కిలో ఖీమాలో 75 నుంచి 100 గ్రాముల దాకా కొవ్వు ఉండాలి. ఉడికేటప్పుడు అది కరిగి ఉండను లోపల మెత్తగా ఉంచుతుంది. కొవ్వు లేని ఖీమాతో ఎంత ఓపికగా చేసినా ఉండ పొడిపొడిగానే ఉంటుంది.

రాన్ (తొడ) అయినా, దస్తీ (ముందు కాలు) అయినా సరే. ముక్కలుగా ఉన్నప్పుడే కడిగించి, శుభ్రమైన బట్టతో తడి అద్దించి, అప్పుడు మెషీన్‌లో వేయమనండి. ఒకసారి కాదు, రెండుసార్లు తిప్పించాలి. ఖీమా అయ్యాక కడిగితే నీళ్లు దానిలోనే ఉండిపోతాయి, ఎంత పిండినా పూర్తిగా పోవు. ఉండలు విడిపోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. ఇంటికి వచ్చాక కడగకపోతే మనసొప్పదు అనుకునేవాళ్లు సన్నటి జాలీలో వేసి ఒక్కసారి కడిగి, పల్చటి బట్టలో మూటకట్టి గట్టిగా పిండి, జాలీలోనే పెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి.

ఖీమాను తెచ్చిన రోజే వండుకోవాలి. ముక్క మీద పైపైన ఉండే సూక్ష్మజీవులు ఖీమా కొట్టేటప్పుడు లోపలంతా కలిసిపోతాయి. అందుకే ఖీమా ముక్కల కంటే త్వరగా పాడవుతుంది. వండేదాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి. చల్లగా ఉంటే ఉండ చుట్టడం కూడా తేలిక.

ఉండల కోసం కలుపుకోవడం

అర కిలో ఖీమాకు లెక్క చెబుతున్నాను. నలుగురైదుగురికి సరిపోతుంది.

పుట్నాల పొడి 3 పెద్ద చెంచాలు, కుడుక (ఎండు కొబ్బరి) పొడి 2 పెద్ద చెంచాలు, వేయించి పొడి చేసిన గసాలు 1 చిన్న చెంచా, అల్లం ఎల్లిగడ్డ ముద్ద 1 పెద్ద చెంచా, కారం 1 చిన్న చెంచా, పసుపు పావు చెంచా, గరం మసాలా అర చెంచా, ఉప్పు చిన్న చెంచా నిండుగా, పచ్చిమిరపకాయలు 3, ఒక చిన్న ఉల్లిగడ్డ, గుప్పెడు కోత్మీరు, పుదీనా.

ముందుగా ఖీమాలో ఉప్పు ఒక్కటే వేయండి. మిగతావన్నీ పక్కన పెట్టి అయిదారు నిమిషాలు గట్టిగా పిసకండి. వేళ్లతో కలపడం కాదు, అరచేతి మడమతో గిన్నెకు నొక్కి ముందుకు తోయాలి. మొదట విడివిడిగా ఉన్న ఖీమా కాసేపటికి చేతికి అంటుకోవడం మొదలుపెడుతుంది, లాగితే సన్నటి పీచులు కనిపిస్తాయి. ఉప్పు మాంసంలోని ప్రోటీన్లను కరిగించి బయటికి తెస్తుంది. ఆ జిగురే ఉడికేటప్పుడు గట్టిపడి ఉండను పట్టి ఉంచుతుంది. ఈ అయిదు నిమిషాలు తగ్గించుకుంటే తర్వాత ఏ పిండీ ఆ లోటు తీర్చదు. చేతులు నొప్పి పెడితే మిక్సీలో రెండు విడతలుగా వేసి, ఆపి ఆపి తిప్పండి. ఏకధాటిగా తిప్పితే జార్ వేడికి కొవ్వు కరిగిపోతుంది.

ఆ తర్వాత ఉల్లిగడ్డ సంగతి. పెద్ద ముక్కలున్న చోటే ఉండ పగులుతుంది. వీలైనంత సన్నగా తరిగి, చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాలాగి, నీళ్లు పిండేసి కలపండి. పచ్చిమిర్చి, కోత్మీరు, పుదీనా కూడా సన్నగానే తరగాలి. పుట్నాల పొడి మిగిలిన తడిని పీల్చుకుంటుంది, కుడుక తీపి, గసాలు చిక్కదనం ఇస్తాయి. పుట్నాలను 3 చెంచాల కంటే పెంచొద్దు. ఎక్కువైతే ఉండ గట్టిపడుతుంది.

మెత్తబడుతుందని కొందరు పచ్చి బొప్పాయి ముద్ద కలుపుతారు. కబాబులకు అది మంచిదే. పులుసులో వేసే ఉండలకు మాత్రం వద్దనే చెబుతాను. బొప్పాయి మాంసం పట్టును తెంపేస్తుంది, మనం ఇంతసేపు పిసికి తెచ్చింది ఆ పట్టునే.

అన్నీ కలిపాక మూతపెట్టి అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, చేతికి నూనె రాసుకుని చిన్న నిమ్మకాయ సైజులో ఉండలు చుట్టండి. పగుళ్లు లేకుండా నున్నగా ఉండాలి. సుమారు పాతిక ఉండలు వస్తాయి. అన్నీ చుట్టేయకముందే ఒక చిన్న ఉండను పెనం మీద నూనెలో పూర్తిగా ఉడికేలా వేయించి తిని చూడండి. ఉప్పు, కారం సరిచేసుకోవడానికి ఇదే సమయం. పచ్చి ఖీమాను నాలుక మీద పెట్టి రుచి చూడొద్దు.

పాలమూరు, నల్లగొండ తీరు: ఖీమా ఉండల పులుసు

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దసరాకు యాటకూర వండని ఇల్లు మా వైపు తక్కువ. ఆ మర్నాడు చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు చేసుకోవడానికి దీన్ని మించిన కూర లేదు. అర కిలో మాంసంతోనే అందరి కంచాల్లోకీ సమానంగా వస్తుంది.

వెడల్పాటి గిన్నె తీసుకోండి. ఉండలు ఒకదాని మీద ఒకటి పడకుండా ఒకే వరుసలో పట్టాలి. కుక్కర్ వద్దు. 4 పెద్ద చెంచాల పల్లి నూనె కాగాక రెండు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క, రెండు పెద్ద ఉల్లిగడ్డల తరుగు వేసి ఎర్రగా వేయించండి. ఇక్కడ తొందరపడితే పులుసు పచ్చి వాసన వస్తుంది. చిన్న చెంచా అల్లం ఎల్లిగడ్డ, పసుపు, 2 చెంచాల కారం, 2 చెంచాల ధనియాల పొడి వేసి, కాసిన్ని నీళ్లు చిలకరిస్తూ నూనె తేలేదాకా వేయించాలి. 2 చెంచాల కుడుక పొడి, చెంచా గసాలు కలిపి మెత్తగా నూరిన ముద్ద వేసి ఇంకో రెండు నిమిషాలు కలపండి. ఆ తర్వాత 3 గ్లాసుల వేడి నీళ్లు, ఉప్పు.

పులుసు తెర్లుతున్నప్పుడే ఉండలు వేయాలి. చల్లటి పులుసులో వేస్తే పైపొర గట్టిపడేలోపే కరగడం మొదలవుతుంది. గిన్నె అంచు వెంట ఒక్కొక్కటిగా జారవిడవండి. అన్నీ వేశాక మంట తగ్గించి, పది నిమిషాలు గంటె పెట్టొద్దు. కదపాలనిపిస్తే రెండు వైపులా బట్టతో గిన్నె పట్టుకుని మెల్లగా తిప్పండి. పది నిమిషాలకు ఉండలు రంగు మారి కొంచెం కుదించుకుంటాయి. అప్పుడు గంటె పెట్టినా పరవాలేదు.

మూత కొద్దిగా తెరిచి ఉంచి సన్నటి మంట మీద ఇంకో 20 నిమిషాలు ఉడికించండి. పెద్ద మంట మీద కుతకుత ఉడికితే ఉండలు ఒకదానికొకటి కొట్టుకుని అంచులు రాలిపోతాయి. దించే ముందు ఒకటి మధ్యకు విరిచి చూడండి, లోపల ఎరుపు ఉండకూడదు. ఇంట్లో వంట థర్మామీటర్ ఉంటే ఉండ నడిమధ్య 71 డిగ్రీల సెల్సియస్ దాటాలి.

చింతపండు చివర్లోనే. ఉసిరికాయంత చింతపండు నానబెట్టి తీసిన చిక్కటి రసం పోసి అయిదారు నిమిషాలు తెర్లనిచ్చి కోత్మీరు చల్లండి. ముందే పోస్తే నీళ్లు ఇగిరేకొద్దీ పులుపు ఎంతకు చేరుతుందో అందదు. జొన్నరొట్టెకైతే పులుసు చిక్కగా, బగారా అన్నానికైతే కొంచెం పల్చగా ఉంచుకోండి. అరగంట ఆగి తింటే ఉండలు పులుసును బాగా పీల్చుకుని ఉంటాయి.

కర్ణాటక, తమిళనాడు తీర్లు

బెంగళూరు, మైసూరు వైపు చేసే ఖైమా ఉండె సారు మన పులుసుకు దగ్గరి చుట్టం. అక్కడా పుట్నాల పొడే, అక్కడా ఉండలను తెర్లే సారులోనే వేస్తారు. పచ్చి కొబ్బరి, కోత్మీరు, లవంగం, చెక్క కలిపి రుబ్బిన మసాలాతో సారు చిక్కగా చేసి రాగి ముద్దతో తింటారు. మనం ఇంట్లో చేసుకోవాలంటే పై పద్ధతిలో కుడుకకు బదులు పచ్చి కొబ్బరి, గుప్పెడు కోత్మీరు రుబ్బి వేసి, కారం సగం తగ్గిస్తే చాలు.

చెట్టినాడు కోలా ఉరుండై పులుసులో వేసేది కాదు, నూనెలో వేయించేది. ఇందులో సోంపుదే పెత్తనం. ఖీమాను ముందుగా పసుపు, అల్లం ఎల్లిగడ్డతో నీళ్లు పూర్తిగా ఇగిరేదాకా వేయించి, చల్లార్చి, పుట్నాలు, కొబ్బరి, వేయించిన సోంపు, ఎండుమిర్చితో కలిపి నీళ్లు పోయకుండా మిక్సీ పడతారు. వండిన మాంసానికి పచ్చి మాంసంలాంటి జిగురు ఉండదు. అందుకే ఇక్కడ పుట్నాలు రెట్టింపు కావాలి, గుడ్డు కొంచెం కలిపినా తప్పులేదు. ఉండలు చిన్నవిగా చుట్టి, నూనె మధ్యస్థంగా కాగాక నాలుగైదు చొప్పున వేయించండి. వేయగానే కదపకూడదు. వెనకటి పద్ధతిలో ఉండ విడిపోకుండా అరటి నార చుట్టి వేయించేవారు, ఇప్పటికీ ఆ వంట అక్కడ ఉంది. పప్పుచారు, అన్నం పక్కన ఇవి పెడితే పిల్లలు ఇష్టంగా తింటారు.

హైదరాబాద్ తీరు: శికంపూర్

ఇది గుండ్రటి ఉండ కాదు, బిళ్ల. అయినా ఈ కుటుంబంలోదే. అర కిలో ఖీమా, అర కప్పు నానిన శనగపప్పు, అల్లం ఎల్లిగడ్డ, కారం, ఏలకులు, చెక్క, షాజీరా, గ్లాసు నీళ్లు కలిపి పప్పు మెత్తబడేదాకా ఉడికించండి. ఆఖరి నీటి చుక్క కూడా ఇగిరిపోవాలి. దీని కిటుకంతా అక్కడే ఉంది. చల్లారాక మెత్తగా రుబ్బి, ఒక గుడ్డు కలపండి. బట్టలో మూటకట్టి నీళ్లు కార్చిన గట్టి పెరుగులో సన్నటి ఉల్లిగడ్డ, పుదీనా, పచ్చిమిర్చి, ఉప్పు కలిపి, ముద్ద మధ్యలో అర చెంచా పెట్టి మూసి, చేతితో నొక్కి, పెనం మీద కొంచెం నూనెతో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. పెరుగులో నీళ్లు మిగిలి ఉంటే పెనం మీద పగిలి చిట్లుతుంది. కనీసం మూడు గంటలు వేలాడదీయండి.

ఉడికించిన గుడ్డు చుట్టూ ఖీమా పొదిగి చేసే నర్గిసీ కోఫ్తాకు మాత్రం మొదట చెప్పిన పచ్చి ఖీమా ముద్దే వాడాలి. గుడ్డు మీది తడి తుడిచి, పుట్నాల పొడిలో ఒకసారి దొర్లించి చుడితే ఖీమా జారదు.

దూరపు తీర్లు రెండు

కశ్మీర్‌లో గోశ్తాబా, రిస్తాలకు మెషీన్ ఖీమా వాడరు. తాజా మాంసాన్ని కొవ్వుతో కలిపి రాతి మీద చెక్క సుత్తితో దంచుతారు, పీచు మొత్తం పోయి వెన్నలా అయ్యేదాకా. పుట్నాలు, గుడ్డు ఏమీ ఉండవు, ఆ దంపుడే పట్టు. రిస్తా ఎర్రటి రసంలో, గోశ్తాబా పెరుగు రసంలో ఉడుకుతాయి. వాజ్వాన్ విందులో గోశ్తాబా చివరికి వస్తుంది. మన రోట్లో పావు కిలో కొవ్వు మాంసంతో ఒకసారి చేసి చూడండి, పిసకడం మీద ఎందుకింత చెప్పానో తెలుస్తుంది.

ఇటలీ, స్వీడన్ వైపు పుట్నాల పని బ్రెడ్ చేస్తుంది. పాలలో నానిన బ్రెడ్‌ను పిండి ఖీమాలో కలుపుతారు. అర కిలోకు రెండు బ్రెడ్ ముక్కలు చాలు. ఉండ చాలా మెత్తగా వస్తుంది, పళ్లు సరిగా లేని పెద్దవాళ్లకు బాగుంటుంది. ముందు పెనం మీద ఎర్రగా వేయించి, ఆ తర్వాతే టమాటా రసంలో వేయండి. నేరుగా పులుసులో వేస్తే నిలవదు.

చికెన్‌తో చేస్తే, మిగిలితే

చికెన్ ఖీమాలో నీళ్లు ఎక్కువ, కొవ్వు తక్కువ. తొడ మాంసమే కొట్టించి, పుట్నాల పొడి ఇంకో చెంచా, నూనె ఒక చెంచా కలపండి. పులుసులో 12 నుంచి 15 నిమిషాలు చాలు. లోపల గులాబీ రంగు మిగలకూడదు, 74 డిగ్రీలు దాటాలి.

వండిన కూర ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంటుంది. పచ్చి ఉండలు ఎక్కువ చుట్టుకుంటే పళ్లెంలో విడివిడిగా పెట్టి డీప్ ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చి, తర్వాత డబ్బాలో వేసుకోండి. నెలరోజుల్లో వాడేయండి. వండే ముందు రాత్రి కింది అరలోకి దించి కరగనిచ్చి, పైకి వచ్చిన తడిని బట్టతో అద్ది, మరోసారి చేతిలో గుండ్రంగా తిప్పి, తెర్లే పులుసులో వేయండి.