సాంబ్రాణి ధూపానికి మట్టి మూకుడు: ఎంపిక, వాడకం

విజయవాడ వన్‌టౌన్ వీధుల్లో శుక్రవారం సాయంత్రం నడిచేవారిని దుకాణాల గల్లాపెట్టెల దగ్గర నుంచి ఇళ్ళ గడపల దాకా సాంబ్రాణి పొగ పలకరిస్తూనే ఉంటుంది. ఆ పొగ కొన్నిచోట్ల కమ్మగా ఉంటుంది, కొన్నిచోట్ల గొంతు పట్టేసి దగ్గు తెప్పిస్తుంది. దగ్గు వచ్చినప్పుడు సరుకు నాసిరకమని అంగడివాణ్ణి తిట్టుకోవడం మామూలే గానీ, నేను చూసినంతలో తప్పు చాలాసార్లు సాంబ్రాణిది కాదు, నిప్పుది. నిప్పు సెగ సాంబ్రాణికి ఎంత నిదానంగా తగిలితే వాసన అంత శుభ్రంగా వస్తుంది. ఆ నిదానాన్ని ఇచ్చేవి మట్టి మూకుడూ, దాని అడుగున మనం పరిచే ఇసుకా, బూడిదా. ఇత్తడి ధూపపాత్ర చూడటానికి ఎంత ముచ్చటగా ఉన్నా సెగను వెంటనే అంచుకూ పిడికీ పంపేస్తుంది కాబట్టి, చేత్తో పట్టుకోవడమూ కష్టమే, నిప్పు ఎక్కువసేపు నిలవడమూ కష్టమే.

మూకుడు కొనడానికి మంచి అదను వినాయక చవితి మొదలుకుని దీపావళి దాకా నడిచే రోజులు, ఎందుకంటే అప్పుడు ప్రమిదలతో, పిడతలతో పాటు ఇవి కూడా రోడ్ల పక్కన కుప్పలుగా దిగుతాయి, పది చూసి ఒకటి ఏరుకునే వీలుంటుంది. ఎండాకాలంలో మంచినీళ్ళ కుండలు అమ్మేవారి దగ్గర కూడా దొరకవచ్చు. చేతిలోకి తీసుకోగానే వేలి కణుపుతో అంచు మీద తట్టి వినాలి. ఆవంలో, అంటే కుమ్మరి బట్టీలో, బాగా కాలిన మూకుడు ఖంగుమంటుంది. సరిగా కాలనిది గానీ, కంటికి ఆనని బీట ఉన్నది గానీ మొద్దుగా పలుకుతుంది. అనుమానం తీరకపోతే అమ్మేవారిని అడిగి కాసిని నీళ్ళు పోయించి రెండు నిమిషాలు ఆగితే, బీట ఉన్నచోట బయటివైపు సన్నటి తడి గీత తేలుతుంది. మట్టి నీళ్ళు పీల్చడం సహజం కాబట్టి ఒళ్ళంతా సమంగా చెమ్మగిల్లితే భయపడనవసరం లేదు.

చాలామంది పట్టించుకోని విషయం మూకుడు లోపలి తెల్ల చుక్కలు. మట్టిలో సున్నపురాయి పలుకులు మిగిలిపోతే అవి ఆవంలో కాలి సున్నమవుతాయి. ఆ సున్నం తర్వాత గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, తన మీదున్న మట్టిని పెచ్చుగా లేపేస్తుంది. కృష్ణ ఒడ్డున ఉన్న మన ఊళ్ళో వానాకాలం తేమకు కొదవేముంది గనుక, చుక్కలున్న మూకుడు కొన్నాళ్ళకే గుంటలు పడుతుంది. అలాగే లోపలివైపు రంగు గానీ వార్నిష్ గానీ పూసినదాన్ని ఎంత అందంగా ఉన్నా వదిలేయాలి, ఎందుకంటే మొదటి నిప్పుకే ఆ రంగు మాడి సాంబ్రాణి వాసనలో కలుస్తుంది. ఎర్రరంగు పూసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మల పక్కన అదే సరుకుతో చేసిన ధూపపాత్రలు కూడా ఉంటాయి. అడుగున గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతుంది కాబట్టి వాటిని పట్టేయడం సులువే.

కొలతల విషయంలో ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఇంటి వాడకానికి ఆరంగుళాల నోరు, మూడంగుళాల లోతు సరిపోతాయి. అడుగు బల్లపరుపుగా ఉండి ఊగకపోవడం, గోడ మందం చుట్టూ ఒకేలా ఉండటం ముఖ్యం, ఎందుకంటే ఒకవైపు పలచగా, ఒకవైపు మందంగా ఉన్న మూకుడు వేడికి సమంగా సాగక ఆ కలిసేచోటే చిట్లుతుంది. పక్కన గాలి రంధ్రాలు ఉన్నవి దొరికితే మంచిదే గానీ, అవి ఇసుక మట్టానికి పైన ఉండాలి.

ఇంటికి తెచ్చాక దుమ్ము కడిగి, నీడలో రెండు రోజులు, ఆ తర్వాత ఒక పూట ఎండలో పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే ఏమవుతుందో నేను ఒక దసరాకు చూశాను. ఉదయం కడిగిన మూకుడు పైకి పొడిగానే కనబడింది కదా అని సాయంత్రం నిప్పులు వేస్తే, అయిదు నిమిషాలు తిరగకుండా టప్‌మని రెండు చెక్కలై, నిప్పులు గచ్చు మీద దొర్లాయి. మట్టి రంధ్రాల్లో దాగిన నీరు ఆవిరై బయటికి దారి దొరక్క గోడను చీల్చేస్తుందన్న సంగతి అప్పుడే బుర్రకెక్కింది.

ఆరిన మూకుడులో ముందు అంగుళం మందాన ఇసుక పరచాలి. ఏటి ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లించి వాడితే చాలు. ఇసుక మీద పిడకల బూడిద గానీ, కిందటిసారి మిగిలిన బొగ్గుల బూడిద గానీ పలచగా చల్లాలి. ఇసుక సెగను అడుగుకు నేరుగా తగలనివ్వదు, బూడిద నిప్పును ఒక్కసారిగా రేగనివ్వకుండా, ఆరిపోనివ్వకుండా కాపాడుతుంది. మొదటిసారి రెండే చిన్న నిప్పులు వేసి మూకుడును మెల్లగా కాగనిచ్చి, అది దానంతటదే చల్లారేదాకా కదపకుండా వదిలేయడం మంచిది.

బొగ్గుల్లో కొబ్బరి చిప్పల బొగ్గు నాకు నచ్చుతుంది, వాసన తక్కువ, నిప్పు నిలకడ ఎక్కువ. తుమ్మ బొగ్గు కూడా బాగానే ఉంటుంది. మా వీధిలో ఇస్త్రీ బండి బొగ్గులతో నడిచినన్నాళ్ళూ పాత గరిటె పట్టుకుని వెళ్ళి, “అన్నా, రెండు నిప్పులు పెట్టవా” అని అడిగితే పని జరిగిపోయేది. బండి గ్యాస్‌కు మారాక ఇంట్లోనే పొయ్యి మీద పుల్కా జాలీ పెట్టి రాజేసుకుంటున్నాము. అగ్గిపుల్ల గీయగానే అంటుకునే బిళ్ళల బొగ్గులో సూరేకారం కలుపుతారు, అందుకే అది చిటపటలాడుతూ నిప్పురవ్వలు చిమ్ముతుంది. ఆ చిటపట పూర్తిగా అణిగేదాకా దాని మీద ఏమీ వేయకూడదు. ఏ బొగ్గయినా నల్లదనం పోయి, పైన తెల్లటి బూడిద పొర కమ్మి, లోపల ఎర్రగా కనబడినప్పుడే వాడకానికి వచ్చినట్టు లెక్క.

ఇప్పుడు అసలు పని. సాంబ్రాణి అంటే స్టైరాక్స్ జాతి చెట్ల బంక, ముఖ్యంగా సుమత్రా నుంచీ, లావోస్ వైపు నుంచీ వస్తుంది. దానిలో బెంజోయిక్ ఆమ్లం, కాస్త వెనిలిన్ ఉండటం వల్లే వెచ్చబడగానే తియ్యటి వాసన వస్తుంది. శనగగింజంత ముక్కను ఎర్రటి నిప్పు నడినెత్తిన వేస్తే అది కళ్ళముందే కుతకుత ఉడికి, నల్లబడి, అర నిమిషంలో ఘాటైన పొగగా ఎగిరిపోతుంది. అదే ముక్కను నిప్పు వార, బూడిద పొర ఉన్నచోట ఆనిస్తే ముందు అంచులు మెత్తబడతాయి, తర్వాత చెమర్చినట్టు మెరుస్తుంది, ఆపైన సన్నటి తెల్లని పొగ తీగలాగా లేచి చాలాసేపు సాగుతుంది. పొగ నల్లబడితే ముక్కను నిప్పుకు దూరంగా జరపాలి, పొగ ఆగిపోతే దగ్గరికి తోయాలి. ఈ జరపడానికి పాత స్టీలు చెంచా ఒకటి మూకుడు దగ్గరే ఉంచుకోవాలి. పొడి త్వరగా మాడుతుంది కాబట్టి నేను ముక్కలే వాడతాను. మంట అంటుకుంటే ఊదకుండా చెంచాతో కాస్త బూడిద కప్పితే ఆగిపోతుంది.

మూకుడును ఇటుక మీదో, అడుగున ఇసుక పోసిన పళ్ళెంలోనో పెట్టి, పళ్ళెంతో సహా ఇల్లంతా తిప్పాలి. తిప్పేటప్పుడు కర్టెన్లూ, పైట చెంగూ, పిల్లలూ దూరంగా ఉండాలి. మండే బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి కిటికీలు మూసిన గదిలో, ముఖ్యంగా ఏసీ వేసుకుని పడుకునే గదిలో నిప్పులున్న మూకుడు ఒక్క క్షణం కూడా ఉండకూడదు. తలంటు పోసుకున్న బాలింత జుట్టును బోర్లించిన గంప మీద పరిచి కింద ధూపం పెట్టే ఆచారం మన ఇళ్ళలో ఉంది. ఆమె విషయంలో గాలి ఆడే వరండాలో, ముఖం పొగకు ఎడంగా ఉంచి కాసేపు చేయవచ్చు గానీ, పసిబిడ్డను మాత్రం ఆ పొగ దరిదాపులకు తీసుకురాకూడదు. ఈ విషయంలో పెద్దవాళ్ళ మాట కంటే పిల్లల డాక్టరు మాటే నేను వింటాను.

పని అయ్యాక నిప్పుల మీద నీళ్ళు పోయకూడదు, మూకుడు చిట్లుతుంది, వేడి బూడిద ముఖాన చిమ్ముతుంది. బూడిద కప్పి మర్నాటిదాకా వదిలేయాలి. పైకి చల్లగా కనబడే బూడిదలో నిప్పు గంటల తరబడి బతికే ఉంటుంది. నేను ఒకసారి రాత్రి పదింటికి పారబోస్తే ప్లాస్టిక్ చెత్తబుట్ట అడుగు కరిగి, గుండ్రటి కన్నం పడింది. సబ్బు నురగను మట్టి పీల్చుకుని తర్వాతి ధూపంలో తిరిగి వదులుతుంది కనుక మూకుడును సబ్బుతో తోమకుండా, పొడి కొబ్బరి పీచుతో రుద్దాలి. కరిగిన సాంబ్రాణి ఇసుకలోకి దిగి గట్టిపడి బిళ్ళ కట్టినప్పుడు ఆ ఇసుకను తీసేసి కొత్తది పోయాలి. నెలకు నాలుగు శుక్రవారాలు వాడే ఇంట్లో రెండు మూడు నెలలకు ఒకసారి ఆ అవసరం పడుతుంది. తీసేసిన ఇసుక మొక్కల కుండీలకు పనికిరాదు. మిగిలిన మెత్తటి బూడిదను జల్లించి పెట్టుకుంటే, కొంత తర్వాతి ధూపానికి పరుపుగానూ, కొంత చింతపండుతో కలిపి ఇత్తడి కుందులు తోముకోవడానికీ వస్తుంది.