లండన్‌లో పాకిస్తానీ పాపకి పేరు పెడుతున్నారా, ఒక చిన్న చిట్కా

పేరు ఖాయం చేసేముందు దాన్ని కాగితం మీద ఇంగ్లీషులో రాసి, ఉర్దూ రాని ఇద్దరు ముగ్గురితో చదివించండి, మీరు మాత్రం పలికి చూపించొద్దు. ఖదీజా, ఘజాలా లాంటి వాటిలో గొంతులోంచి వచ్చే శబ్దం ఇంగ్లీషులో లేదు కాబట్టి స్కూల్లో కడీజా, గజాలా అయిపోతాయి, అది ఓకే అనుకుంటే పెట్టేయండి, మంచి పేర్లే కదా. వద్దనుకుంటే సారా, మరియం, నూర్, సనా, అమీనా, లైలా హాయిగా పలుకుతారు. అసలు తలనొప్పి స్పెల్లింగ్‌ది, ఒక్క ఆయేషానే రకరకాలుగా రాస్తారు, అందుకే ఒకటే ఫిక్స్ అయి బర్త్ సర్టిఫికెట్‌లో, నాద్రా కార్డులో (పాకిస్తాన్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), పాస్‌పోర్ట్‌లో అక్షరం తేడా లేకుండా రాయించండి. ఇంగ్లండ్‌లో జననం నమోదుకి 42 రోజులు టైం ఉంటుంది, నానమ్మ అమ్మమ్మల పంచాయితీ ఆలోపే తేల్చుకోండి 😄