గిటార్ వాయిస్తే ముంజేయి లాగేస్తుందా? ముందు ఎంత గట్టిగా నొక్కుతున్నారో చూస్కోండి

వేళ్ళ చివర మండటం వేరు, ముంజేయి నొప్పి వేరు, ఈ రెండూ కలిపేస్కోకండి. కొత్తగా గిటార్ పట్టినోళ్ళకి ఎడమచేతి వేళ్ళ చివర మంట పుట్టడం మామూలే, కొన్ని వారాల్లో అక్కడ చర్మం గట్టిపడి కాయలు కాస్తాయి, మంట దానంతటదే పోద్ది. కానీ మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా లాగడం, బొటనవేలి మొదట్లో సలుపు, వాయించడం ఆపేసిన గంటకి కూడా చెయ్యి బరువుగా ఉండటం, ఇవి అలవాటైతే పోయేవి కావు. "నొప్పి లేకుండా వాయిద్యం వస్తదా, ఓర్చుకో" అనేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉంటారు, దయచేసి ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట వినకండి.

నేను విన్నా. గుంటూరులో మా పేటలో డిసెంబర్ వచ్చిందంటే క్యారల్ రౌండ్స్, రాత్రి తొమ్మిదింటికి బయల్దేరితే తెల్లారుజామున మూడింటి దాకా ఇంటింటికీ తిరగడమే, గిటార్ మెళ్ళో వేసుకుని నిలబడే వాయించాలి, చలికి వేళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి, పాడేవాళ్ళు ఇరవై మంది, డోలక్ ఒక పక్క, అంత గోలలో నా గిటార్ వినపడాలని ఇంకా గట్టిగా నొక్కి ఇంకా గట్టిగా కొట్టేవాణ్ణి. వారం తిరిగేసరికి పొద్దున స్నానం చేసి తడి తువాలు పిండబోతే ఎడమ చెయ్యి తిరగలేదు, ఆవకాయ జాడీ మూత అమ్మ తీసిపెట్టాల్సొచ్చింది. అయినా 31 రాత్రి చర్చిలో వాచ్‌నైట్ ఆరాధన దాకా అలాగే లాక్కొచ్చా. ఆ తర్వాత మార్చి దాకా గిటార్ ముట్టుకోలేకపోయా. ఆ మూడు నెలలు ఇంకెవరికీ పోకూడదనే ఇదంతా రాస్తున్నా.

అసలు నొప్పి ముంజేతిలో ఎందుకొస్తదంటే, వేళ్ళని ముడిచే పెద్ద కండరాలు ఉండేదే అక్కడ. కుడిచేత్తో ఎడమ ముంజేతిని లోపలివైపు పట్టుకుని, ఎడమ వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూడండి, చర్మం కింద ఏదో పాకినట్టు తెలుస్తది. ఆ కండరాల నుంచి తాళ్ళలాంటి టెండన్లు తొమ్మిది, మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందులోంచి అరచేతిలోకి వెళ్తాయి, వాటితో పాటు ఒక నరం కూడా. మణికట్టు బాగా వంచేసి, అలా వంచే గట్టిగా నొక్కుతా ఉంటే ఆ ఇరుకులో అన్నీ ఒరుసుకుంటాయి. అందుకే చెయ్యి బలంగా లేదని ఎక్సర్‌సైజులు మొదలుపెట్టేముందు, అక్కర్లేని బలం ఎంత వాడుతున్నామో చూస్కోవాలి.

అది తెలుసుకోడానికి ఒక పని చెయ్యండి. సన్న తీగ నుంచి లెక్కేస్తే మూడో తీగ, ఐదో ఫ్రెట్ (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలే ఫ్రెట్లు), ఒక్క చూపుడువేలు. వేలు తీగమీద ఊరికే ఆనించి కుడిచేత్తో మీటండి, టక్కుమని చచ్చుగా మోగుద్ది. కొంచెం నొక్కండి, జుయ్యిమని బజ్ వస్తది. ఇంకాస్త, ఇంకాస్త, స్వరం ఎక్కడ శుభ్రంగా పలికిందో అక్కడ ఆగిపోండి. కావాల్సిన ఒత్తిడి అంతే. ఇప్పుడు మీరు రోజూ నొక్కేటట్టు నొక్కి పోల్చుకోండి, చాలామంది రెండింతలు, మూడింతలు నొక్కుతుంటారు, నేనైతే ఇనప కమ్మీ పట్టుకున్నట్టు పట్టేవాణ్ణి. ఇదే పని వేలుని రెండు ఫ్రెట్ల మధ్య గదికి మధ్యలో పెట్టి ఒకసారి, గిటార్ బాడీ వైపున్న ఫ్రెట్ కమ్మీకి బాగా దగ్గరగా జరిపి ఒకసారి చెయ్యండి, దగ్గరగా పెట్టినప్పుడు ఎంత తేలిగ్గా పలుకుద్దో మీకే ఆశ్చర్యమేస్తది. రోజూ మొదటి ఐదు నిమిషాలు ఇదే. తర్వాత బొటనవేలు నెక్ వెనకాల నుంచి పూర్తిగా తీసేసి ఒక కార్డ్ (కొన్ని స్వరాలు ఒకేసారి పలికేలా వేళ్ళు పెట్టే పట్టు) పట్టి చూడండి, తీగల్ని చేతి బరువుతో వెనక్కి లాగితే చాలావరకు పలుకుద్ది. ఎప్పుడూ అలాగే వాయించమని కాదు, బొటనవేలితో పటకారులా బిగించాల్సిన పనిలేదని చేతికి తెలియాలి.

కూర్చునే తీరు కూడా చూస్కోండి. ఫ్రెట్లు కనపడాలని గిటార్‌ని మనవైపు వెల్లకిలా పడుకోబెట్టేస్తాం, దాంతో ఎడమ మణికట్టు అడ్డంగా వంగిపోద్ది. గిటార్ నిలువుగా ఉంచి, కూర్చున్నా సరే స్ట్రాప్ వేసుకుని, నెక్ చివర కొంచెం పైకి లేపండి, మణికట్టు దాదాపు తిన్నగా వచ్చేస్తది. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ మాత్రం వద్దు, మోచెయ్యి తగులుతా ఉంటది. కుడిచెయ్యి తిమ్మిరెక్కేవాళ్ళు ముంజెయ్యి గిటార్ అంచు మీద ఒరుసుకుంటుందేమో చూడండి, అక్కడ మడతపెట్టిన చేతిరుమాలు వేస్తే చాలాసార్లు సరిపోద్ది. పెద్ద డ్రెడ్‌నాట్ బాడీ అయితే భుజం పైకి లేచిపోద్ది, చిన్న ఒళ్ళు ఉన్నవాళ్ళు చిన్న బాడీ గిటార్ తీసుకోవడమే మంచిది.

ఇక గిటార్ సంగతి, తప్పంతా చేతిది కాదు. తక్కువ రేటు అకూస్టిక్ గిటార్లు చాలావాటికి తీగలు ఫ్రెట్ల మీద బాగా ఎత్తులో ఉంటాయి. కొలవడానికి పాత ఏటీఎం కార్డులు చాలు, ఒక్కోటి ముప్పావు మిల్లీమీటర్ మందం ఉంటది. పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద మూడు కార్డులు కలిపి దూరిస్తే సరిపోవాలి, ఐదు కార్డులు హాయిగా దూరిపోతున్నాయంటే ఆ గిటార్‌తో ఎవరు వాయించినా చెయ్యి నొప్పే. గిటార్ మీద పట్టే ఎఫ్ కార్డ్ ఒక్కటే చంపుతుందనుకోండి, మొదటి ఫ్రెట్‌కి కాపో (తీగలన్నిటినీ కలిపి నొక్కిపట్టే క్లిప్) పెట్టి ఒక ఫ్రెట్ ముందుకి జరిపి అదే షేప్ పట్టండి, ఒక్కసారిగా తేలికైపోతే లోపం నట్‌లో (నెక్ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీలో) ఉంది, దానిలో తీగలు కూర్చునే గాడులు లోతు చేయించాలి. తెలిసినవాళ్ళ చేతే చేయించండి, నట్ ఎక్కువ అరిగితే మళ్ళీ మార్చాల్సిందే. కృష్ణ ఒడ్డున మన తేమకి చెక్క ఉబ్బి పైభాగం కొంచెం పొంగుద్ది, తీగలు పైకి లేస్తాయి, అందుకే వానాకాలంలో సడెన్‌గా చెయ్యి నొప్పి మొదలైతే గిటార్ కూడా ఒకసారి కొలవండి.

తీగలు మార్చడం అన్నిటికన్నా చవకైన మందు. 12 సెట్ (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట 12 వంతులు) వేస్తే ఆరు తీగలూ కలిపి 70 కేజీలకి పైగా లాగుతుంటాయి, 10 సెట్ వేస్తే అది దాదాపు 60కి దిగుద్ది. అదీ కాదనుకుంటే అన్ని తీగలూ అర స్వరం దించి ట్యూన్ చెయ్యండి, బిగువు 11 శాతం తగ్గుద్ది, ఒక స్వరం దించితే 20 శాతం పైనే. పాడేవాళ్ళకి శ్రుతి మారకూడదంటే దించినంత కాపో పెట్టేస్కోవచ్చు, పైగా కాపో పెడితే తీగలు చేతికి దగ్గరవుతాయి కూడా.

ఇంకొక విషయం, ఎవరూ పట్టించుకోరు. గుంటూరు నుంచి బెజవాడ రోజూ బండి మీద తిరిగేవాళ్ళకి వారధి దాటాక బెంజ్ సర్కిల్ వైపు ట్రాఫిక్‌లో క్లచ్ నొక్కేది ఏ చెయ్యి? ఎడమదే. ఇంటికొచ్చి ఫోన్ పట్టుకునేదీ ఎక్కువగా ఆ చేత్తోనే. చెప్పులు విప్పగానే గిటార్ తీయకండి, అరగంట ఆగి, గోరువెచ్చటి నీళ్ళలో చేతులు రెండు మూడు నిమిషాలు ఉంచి, నెమ్మది పాటతో మొదలెట్టండి. ఇరవై నిమిషాలకోసారి ఐదు నిమిషాలు కింద పెట్టేయండి, ఫోన్‌లో అలారం పెట్టుకుంటే తప్ప మనం ఆపం.

నొప్పి ఇప్పటికే వచ్చేసినవాళ్ళు రెండు మూడు రోజులు గిటార్ పూర్తిగా మానేయండి. మొదటి రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టండి, తర్వాత పట్టేసినట్టు ఉంటే వేడి కాపడం హాయిగా ఉంటది. నొప్పి మాత్ర వేసుకుని వాయించడం మాత్రం వద్దు, చెయ్యి ఆపమంటున్నా మనకి వినపడదు. సలుపు తగ్గాక చెయ్యి ముందుకి చాపి, అరచెయ్యి పైకి పెట్టి, రెండో చేత్తో వేళ్ళని మెల్లగా కిందకి వెనక్కి లాగి ఇరవై సెకన్లు ఉంచండి, అరచెయ్యి కిందకి తిప్పి కూడా అంతే, లాగినట్టుండాలి గానీ నొప్పి పుట్టకూడదు. ఇంకో వారానికి అర లీటరు నీళ్ళ సీసా పట్టుకుని, ముంజెయ్యి టేబుల్ మీద ఆనించి, మణికట్టుని రెండో చేత్తో పైకి లేపి, ఒంటి చేత్తో చాలా నెమ్మదిగా కిందకి దించండి, రోజుకి పది పదిహేను సార్లు. గిటార్ మళ్ళీ పది నిమిషాలతో మొదలుపెట్టండి, మర్నాడు పొద్దున చెయ్యి మామూలుగా ఉంటేనే ఇంకో ఐదు పెంచండి, ఒక్క వేలు అడ్డంగా పెట్టి తీగలన్నీ నొక్కే బారే కార్డులు చివర్లో.

రాత్రి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వస్తున్నా, చిటికెన వేలు మొద్దుబారినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా, వేలు ముడిస్తే ఇరుక్కుపోయి టక్కున విడుతున్నా, రెండు వారాల విశ్రాంతికి కూడా తగ్గకపోయినా ఇంట్లో వైద్యం ఆపేసి బెజవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ఎముకల డాక్టర్‌కి చూపించండి. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళు ఇంకా ముందే వెళ్ళండి, వాళ్ళకి ఇవి ఎక్కువగా వస్తాయి. వెళ్ళేముందు మీరు వాయిస్తుండగా పక్క నుంచి ఒక నిమిషం వీడియో తీయించుకుని పట్టుకెళ్ళండి, "చెయ్యి నొప్పండి" అని చెప్తే డాక్టర్‌కి మణికట్టు ఎంత వంగుతుందో తెలియదు, వీడియో చూస్తే తెలుస్తది.