వాన లెక్క, అడవి లెక్క – 3వ భాగం: ఎండ తినేసే వాన

ఒక ఊరి నెలవారీ ఉష్ణోగ్రతలు, వానలు పట్టికలోంచి తీసి గ్రాఫు గీయడం పోయిన రెండు భాగాల్లో అయిపోయింది. ఈసారి అసలు పనిలోకి దిగుదాం. ఆ అంకెలు చూసి, మనిషి చెయ్యి పడకముందు అక్కడ ఏం పెరిగేదో చెప్పాలి. పెన్ను, కాగితం, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

ముందు మూడు ఊళ్లు తీసుకోండి. అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, లండన్లో సుమారు 600, సైబీరియాలోని యాకుత్స్క్‌లో 240కి అటూఇటూ. వాన ఒక్కటే చూసి చెప్పమంటే మొదటి రెండూ ఒకటేననీ మూడోది ఎడారనీ రాసేస్తారు, పరీక్షల్లో ఈ తప్పు మామూలే. తీరా చూస్తే అనంతపురం చుట్టూ తుమ్మ, రేగు, ముళ్ల పొదలు. లండన్ ప్రాంతంలో సహజంగా పెరిగేది ఓక్ లాంటి వెడల్పాకుల అడవి. యాకుత్స్క్ చుట్టూ ఎటు చూసినా లార్చ్ చెట్ల అడవి.

ఎందుకలా అన్నది గోదావరి డెల్టాలో వ్యవసాయం చూసినవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు. సార్వాలో, ఆగస్టు ముసురులో, చేలో నిలిచిన నీళ్లు రోజుల తరబడి అలాగే ఉంటాయి, ఒక్కోసారి గండికొట్టి బయటికి తోలుకోవాల్సి వస్తుంది కూడా. అదే చేను, అదే వరి, దాళ్వాలో మార్చి నెలాఖరుకి కాలవ వంతు ఒక్కటి తప్పిందంటే నేల నెర్రెలిస్తుంది, గట్ల మీద గొడవలు మొదలవుతాయి. పడిన నీళ్లలో ఎండా గాలీ పట్టుకుపోగా మిగిలిందే మొక్కకి.

దీన్ని లెక్కలోకి తెచ్చినాయన వాతావరణ శాస్త్రవేత్త వ్లాదిమిర్ కొప్పెన్. 1884లో మొదటి శీతోష్ణస్థితి పటం వేసి, తర్వాత యాభై ఏళ్లకు పైగా దాన్ని సవరిస్తూనే ఉన్నాడు. వృక్షశాస్త్రం చదువుకున్న మనిషి కాబట్టి, చెట్లు ఎక్కడ మారుతున్నాయో ముందు చూసుకుని, ఆ హద్దుకి సరిపోయే ఉష్ణోగ్రత, వాన ఏమిటని వెనక్కి వెతికాడు. ఒకరకంగా తిరగేసిన లెక్క. నన్నడిగితే ఇన్నేళ్ల తర్వాత కూడా అది పనికొస్తోంది అందుకే.

లెక్క ఇదీ. ఏడాది సగటు ఉష్ణోగ్రతని (సెల్సియస్ డిగ్రీల్లో) 20తో గుణించండి. వానలో 70 శాతం, అంతకన్నా ఎక్కువ, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు లోపు పడితే 280 కలపండి; అంతే వాటా మిగతా ఆరు నెలల్లో పడితే ఏమీ కలపొద్దు; రెండూ కాకపోతే 140. (భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న ఊళ్లకి నెలలు తిరగేసుకోవాలి.) వచ్చిన అంకె కన్నా ఏడాది వాన (మిల్లీమీటర్లలో) తక్కువైతే అది పొడి ప్రాంతం, అందులో సగం కూడా లేకపోతే ఎడారి. వేడి నెలల్లో పడే వానలో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది, అందుకే ఆ 280 జరిమానా.

ఇప్పుడు వేసి చూడండి. అనంతపురం సగటు 28 డిగ్రీలు, 560కి 280 కలిపితే 840. వాన 550 దానికి చాల్లేదు, కానీ సగం 420ని దాటింది కాబట్టి ఎడారి కాదు, పాక్షిక శుష్క ప్రాంతం. లండన్ సగటు 11, అంటే 220కి 140 కలిపి 360, వాన హాయిగా సరిపోయింది. యాకుత్స్క్ సగటు సున్నాకి కింద 9. మైనస్ 180కి 280 కలిపితే వచ్చేది 100 మాత్రమే. అక్కడ 240 అంటే పుష్కలం, పైగా అడుగున నేల ఏడాది పొడుగునా గడ్డకట్టి ఉంటుంది కాబట్టి నీరు లోపలికి ఇంకిపోదు.

మన కాకినాడకి వద్దాం. సగటు 28, వాన సుమారు 1100. అక్టోబరు, నవంబరు వాయుగుండాల వల్ల 280 కలపాలా 140 కలపాలా అని టెన్షన్ పడక్కర్లేదు, 840 వచ్చినా 700 వచ్చినా వాన దాటేసింది. చలి నెల సగటు కూడా 18 డిగ్రీల పైనే, కాబట్టి ఉష్ణమండలం. చెట్లకి సరిపడా నీళ్లున్నాయి. ఎలాంటి చెట్లు? ఇక్కడ మీ గ్రాఫు తీయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాన దాదాపు లేదు. అంటే ఆకు రాల్చే అడవి.

డెల్టాలో అది కనిపించదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలవలొచ్చి ఇదంతా వరి అయింది. కోనసీమ కొబ్బరి కూడా మనుషులు పెట్టిన తోటే, సహజ వృక్షసంపద కింద రాశారో మార్కులు పోయినట్టే. పాపికొండల వైపు వెళ్లండి. మార్చి, ఏప్రిల్లో ఇప్ప చెట్టు ఆకంతా దులిపేసుకుని మోడు కొమ్మల చివర గుత్తులుగా పూస్తుంది. నీళ్లు బయటికి పోయేది ఆకుల్లోంచే కాబట్టి, కరువు నెలల్లో ఆ దారి మూసేస్తుంది. లార్చ్ సూదాకుల చెట్టే అయినా చలికాలంలో ఆకు రాల్చేది కూడా ఇందుకే, గడ్డకట్టిన నేలలోంచి వేరు నీళ్లు లాగలేదు. ఒకచోట ఎండ, ఒకచోట మంచు, చెట్టుకి మాత్రం రెండూ దాహమే.

ఈ లెక్కకి అందనిది కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవి. మంచు గడ్డకట్టే చలి ఉండదు కాబట్టి మడ బతకగలదని శీతోష్ణస్థితి చెబుతుంది, అంతవరకే. సరిగ్గా అక్కడే ఎందుకుందో చెప్పేది ఆటుపోట్లు, ఉప్పు, గోదావరి తెచ్చి పోసే ఒండ్రు. పోటు తీసినప్పుడు చూస్తే బురదలోంచి జానెడేసి శ్వాసవేర్లు నిలువుగా పొడుచుకొచ్చి ఉంటాయి, మడ ఆకు నాలిక్కి తగిలిస్తే ఉప్పగా ఉంటుంది. కనిపించిన ఆకల్లా రుచి చూడకండి, పక్కనే తిల్ల చెట్టు ఉంటుంది, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

అభ్యాసం: రోమ్ సగటు సుమారు 16 డిగ్రీలు, వాన సుమారు 800, అందులో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి మార్చి లోపు, జులై దాదాపు పొడి. లెక్క వేసి, అక్కడి చెట్లు ఆకు రాలుస్తాయో లేదో, ఆకు పలచనో మందమో రాయండి. నాలుగో భాగం అక్కడి నుంచే మొదలుపెడతాను.