ఈ వీకెండ్ డౌన్‌టైమ్‌లో హెచ్‌ఎస్‌ఆర్‌పీ పెడుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

సిస్కో స్విచ్‌ల సంగతే చెబుతున్నా. హెచ్‌ఎస్‌ఆర్‌పీ అంటే రెండు స్విచ్‌లు కలిసి ఒకే గేట్‌వేగా (నెట్‌వర్క్ నుంచి బయటికి వెళ్లే దారి) కనిపించే ఏర్పాటు: ఒకటి యాక్టివ్‌గా పని చేస్తుంటే, రెండోది స్టాండ్‌బైగా ఉండి అది ఆగితే అందుకుంటుంది.

– ట్రంక్ (చాలా వీలాన్‌లను మోసే లింక్) మీద కొత్త వీలాన్ (స్విచ్‌లో విడిగా చేసిన చిన్న నెట్‌వర్క్) కలిపేటప్పుడు కమాండ్‌లో 'యాడ్' మరిచిపోవద్దు. 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 30' అని కొట్టారంటే 30 ఒక్కటే మిగిలి, అప్పటిదాకా వెళ్తున్న మిగతా వీలాన్‌లన్నీ ఆగిపోతాయి, మీ రిమోట్ సెషన్‌తో సహా.

– దూరం నుంచి చేస్తుంటే ముందు కాన్ఫిగ్ (సెట్టింగ్‌లు) సేవ్ చేసి, పది నిమిషాల తర్వాత రీస్టార్ట్ అయ్యేలా 'రీలోడ్ ఇన్ 10' పెట్టండి. కనెక్షన్ పోయినా పది నిమిషాలకు స్విచ్ పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టడం మాత్రం మీ బాధ్యతే!

– ఇప్పుడున్న గేట్‌వే ఐపీనే వర్చువల్ ఐపీగా (రెండు స్విచ్‌లూ పంచుకునే అడ్రస్) ఉంచి, రెండు స్విచ్‌లకూ కొత్త ఐపీలు ఇవ్వండి. ప్రింటర్లు, కెమెరాల దగ్గరికి వెళ్లి గేట్‌వే మార్చే తలనొప్పి ఉండదు.

– రెండువైపులా హెచ్‌ఎస్‌ఆర్‌పీ వెర్షన్ ఒకటేనా? వెర్షన్ 1, వెర్షన్ 2 ఒకదాన్నొకటి గుర్తించవు, రెండు స్విచ్‌లూ యాక్టివ్ నేనే అంటాయి.

– ప్రీఎంప్ట్ (ఎక్కువ ప్రయారిటీ ఉన్న స్విచ్ యాక్టివ్ స్థానాన్ని లాక్కునే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఉండదు, రెండింటిలోనూ పెట్టాలి. ట్రాకింగ్‌లో (అప్‌లింక్, అంటే బయటి వైపు లింక్, తెగితే ప్రయారిటీ తగ్గించేది) తగ్గేది మామూలుగా 10 మాత్రమే, కాబట్టి 110, 100 ప్రయారిటీలు ఇచ్చి వదిలేస్తే అప్‌లింక్ తెగినా రెండూ 100 దగ్గర సమానమై స్టాండ్‌బై కదలకపోవచ్చు. తగ్గేది 20 ఇవ్వండి.

– ఆ వీలాన్‌కి స్పానింగ్ ట్రీ (స్విచ్‌ల మధ్య లూప్‌లు రాకుండా చూసేది) రూట్, అంటే దాని కేంద్ర స్విచ్, కూడా యాక్టివ్ స్విచ్చే అయ్యేలా చూడండి, లేదంటే ట్రాఫిక్ ఊరికే చుట్టూ తిరుగుతుంది.

– చివర్లో ఏది యాక్టివో, ఏది స్టాండ్‌బైయో చూపే 'షో స్టాండ్‌బై బ్రీఫ్' రెండిట్లోనూ కొట్టి, ఒక అప్‌లింక్ కేబుల్ నిజంగానే పీకి చూడండి.