కడిగిన చెయ్యి, కడగని ఫోన్

గుంటూరు కొత్తపేటలో ఒక ఆస్పత్రి. అక్కడ పసిపిల్లల ఐసీయూలో పన్నెండేళ్ళుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. కొత్తగా వచ్చిన ప్రతి అమ్మాయికీ మొదటి రోజే ఫోన్ తుడవడం నేర్పిస్తాను. క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) పెట్టడం, పాల ట్యూబు వెయ్యడం ఆ తర్వాతే.

కొన్నేళ్ళ కిందట మా మైక్రోబయాలజీ మేడం మా అందరి ఫోన్ల మీదా స్వాబ్ (దూది చుట్టిన పుల్ల) తిప్పి కల్చర్ పెట్టించారు, అంటే దానికి అంటిన క్రిములను ప్లేటులో పెంచి చూశారు. మర్నాడు నా ప్లేటు చూపించారు. బ్లడ్ అగార్ (క్రిములు పెరగడానికి రక్తం కలిపి చేసే జెల్లీ) ఎర్రటి పొర మీద ఆవగింజలంత చుక్కలు, కొన్ని తెల్లగా, కొన్ని లేత పసుపుగా. తెల్లవి చాలావరకు మన చర్మం మీద ఉండేవేనట. పసుపువి పరీక్ష చేస్తే స్టాఫిలోకాకస్ ఆరియస్ అని తేలింది, అది జబ్బు తెప్పించగల క్రిమి. స్వాబ్ తీసిన రోజు నా చేతిలో కిలోంబావు బిడ్డ ఉంది. చేతులు కడక్కుండా నేను ఆ బిడ్డను ముట్టుకోలేదు. కానీ కడిగాక ఫోన్ మోగితే తీశాను. బిడ్డకేమీ కాలేదు, క్షేమంగా ఇంటికెళ్ళింది. ఆ ప్లేటు మాత్రం నేను మర్చిపోలేదు.

స్టాఫిలోకాకస్, ఎసినెటోబాక్టర్ లాంటి క్రిములు పొడి గాజు మీదా ప్లాస్టిక్ మీదా వారాల తరబడి బతకగలవు. అందుకే పొద్దున డ్యూటీ ఎక్కేముందు ఒకసారి, దిగాక ఒకసారి, మధ్యలో బెడ్ దగ్గరికి తీసుకెళ్తే మళ్ళీ ఒకసారి తుడవాలి.

70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తీసుకోండి. 99 శాతంది ఇంకా గట్టిగా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. క్రిమిలోని ప్రొటీన్ విరగాలంటే కాస్త నీరుండాలి. పైగా 99 శాతంది పట్టుమని నిలవకుండా ఆవిరైపోతుంది. 2020లో కరోనా రోజుల్లో ఆపిల్ కంపెనీ కూడా 70 శాతం తడి వైప్‌తో ఫోన్ మెల్లగా తుడుచుకోవచ్చని చెప్పింది, బ్లీచ్ మాత్రం వద్దంది. కాబట్టి వార్డులో ఉండే హైపో (బ్లీచ్ ద్రావణం) ఫోన్ దగ్గరికి రానివ్వకండి. చేతులకి రాసుకునే హ్యాండ్ రబ్ కూడా వాడొద్దు, జిడ్డు మిగులుతుంది.

ఫోన్ ఆపెయ్యండి, ఛార్జర్ తియ్యండి, కవర్ ఊడదియ్యండి. మెత్తటి బట్ట మీద ఆ ఆల్కహాల్ (మేం స్పిరిట్ అంటాం) వేసి పిండండి, కారకూడదు. ఫోన్ మీద నేరుగా పొయ్యకండి. ముందు స్క్రీన్, తర్వాత అంచులు, బటన్లు, వెనకవైపు, కెమెరా చుట్టూ తుడవండి. ఛార్జింగ్ రంధ్రం కిందికి ఉండేలా పట్టుకోండి. తుడిచిన చోటు ఓ నిమిషం తడిగా ఉండి దానంతటది ఆరాలి. ఇంజెక్షన్‌కి వాడే చిన్న స్పిరిట్ దూది ఒక్కటి చాలదు, సగంలోనే ఆరిపోతుంది.

కవర్ సంగతి వేరే చెప్పాలి. మా అమ్మాయిల్లో సగంమంది ఫోన్ల వెనక కనకదుర్గమ్మ ఫొటో, దాని వెనక వంద నోటు, ఓ మందుల చీటీ ఉంటాయి. రెక్సిన్ ఫ్లిప్ కవరైతే కుట్లలో మట్టి పేరుకుంటుంది, స్పిరిట్‌తో అది పోదు. రెక్సిన్ వదిలెయ్యండి. సిలికాన్‌దైతే సబ్బునీళ్ళలో కడిగి ఆరబెట్టండి. అమ్మవారి ఫొటోకి ల్యామినేషన్ చేయించుకోండి, దాన్నీ తుడవొచ్చు. నోట్లు పర్సులో పెట్టండి. టెంపర్డ్ గ్లాస్ పగిలితే ఆ గీతల్లోకి బట్ట వెళ్ళదు, మార్పించెయ్యండి.

డ్యూటీలో ఫోన్ అస్సలు వద్దని నేననను. డాక్టరుగారు ఎక్స్‌రే వాట్సాప్‌లో అడుగుతారు, డోసు లెక్క అందులోనే వేసుకుంటాం. జిప్ కవర్లో పెట్టండి, దాని మీద నుంచే టచ్ పనిచేస్తుంది. కవర్ షిఫ్టుకొకటి మార్చండి. గ్లౌజుతో మాత్రం ఫోన్ ఎత్తకండి. పెద్దల వార్డులో క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్ అనే క్రిమి వల్ల విరేచనాలవుతున్న రోగి ఉంటే ఫోన్ లోపలికే తీసుకెళ్ళకండి. ఆ క్రిమి స్పోర్లు (గట్టి పెంకుతో ఉండే దాని విత్తనాల్లాంటివి) ఆల్కహాల్‌కి చావవు, చేతులు కూడా సబ్బుతోనే కడుక్కోవాలి.

ఫోన్ ఎంత తుడిచినా, ముట్టుకున్న ప్రతిసారీ చెయ్యి మళ్ళీ మొదటికొచ్చినట్టే. బిడ్డను తాకేముందు హ్యాండ్ రబ్‌తో 20 నుంచి 30 సెకన్లు రుద్దుకోవాలి, చేతులు మురికిగా కనబడితే సబ్బుతో 40 నుంచి 60 సెకన్లు.

"సిస్టరమ్మా, వాళ్ళ నాన్న దుబాయ్‌లో ఉన్నాడు, ఒక్కసారి చూపిస్తా" అని తల్లులు అడుగుతారు. కాదనను. ఇంక్యుబేటర్ బయట నుంచే చూపించమంటాను, ఫోన్ బిడ్డ పక్కబట్టల మీద పెట్టనివ్వను. మాట్లాడటం అయ్యాక ఫోన్ సంచిలో పెట్టించి, చేతులు రుద్దించి, అప్పుడు బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెడతాను.